మొదటి అర్థం

హలో… ఆ, నేనే.

… ఇప్పుడే వచ్చా. తాళం తీస్తుంటే మోగింది. ఒక్క నిమిషం… సంచీ కింద పెట్టనీ.

… చెప్తానే చిట్టీ, చెప్తా. ముందు నన్ను కూలబడనీ. లిఫ్టు మళ్ళీ పడకేసింది. మెట్లన్నీ ఎక్కొచ్చేసరికి ఈ కాళ్ళు నావి కావు, ఎవరిదగ్గరో ఎరువు తెచ్చుకున్నట్టున్నాయి.

… అయింది. విచారణ అయిపోయింది.

… మంచే. మీ ఆయనకి మంచే జరిగింది.

… ఏయ్, ఏడవకు. ఏడవకే తల్లీ… ఉద్యోగం ఎక్కడికీ పోదు. సస్పెన్షన్ ఎత్తేస్తారట. వచ్చే వారం నుంచి మళ్ళీ బడికి వెళ్ళొచ్చు. రేపు పొద్దున ఆర్డరు టైపు చేయించి సంతకం పెడతానన్నాడు ఆఫీసరు.

… ఆయనే అన్నాడు. అందరి ముందూ అన్నాడు. పక్కనే నేనున్నాను కదా.

… ఊఁ… ఊఁ… ముక్కు చీదుకో ముందు.

… ఆయనేం చేస్తున్నాడు?

… పడుకున్నాడా, ఈ వేళప్పుడా? సరే, లేపకు. లేచాక చెబుదువుగాని.

… ఎలా అంటే… అదో పెద్ద కథ. ఉండు, స్పీకరులో పెడతా. బకెట్లో కాసిని వేడినీళ్ళు పోసుకుని కాళ్ళు పెడతాను, లేకపోతే నావల్ల కాదు…

… ఆ. వినబడుతోందా? … అబ్బా… హమ్మయ్య.

… చెప్తున్నా. ఆ దెబ్బ తగిలిన పిల్ల వాళ్ళ నాన్న ఫిర్యాదు ఇంగ్లీషులో ఇచ్చాడు కదా. ఆయనకి మన భాష ఒక్క ముక్క రాదు, వంతెన పని మీద ఎక్కణ్ణించో వచ్చిన ఇంజనీరు. దాన్ని మన భాషలోకి మార్చమని మా అనువాదాల సెక్షనుకే పంపారు. నేను ముట్టుకోలేదు. ముద్దాయి నా చెల్లెలి భర్త అని ముందే చెప్పేశాను. దాంతో మా పెద్దాయన చేతికి వెళ్ళింది.

… ఆ, ఆయనే, జేబులో రెండు కళ్ళజోళ్ళు పెట్టుకుని మూడోదానికోసం వెతుక్కుంటూ ఉంటాడే, ఆయన.

… అందులో ఒక మాట ఉంది. క్వాయిట్.

… క్వైట్ కాదు. నోరుమూసుకోమన్న మాట కాదు. క్వాయిట్. … మనం చిన్నప్పుడు వల కట్టి రింగు విసురుకునేవాళ్ళం చూడు, టెన్నికాయిట్ అని… ఆ, అందులో తోకముక్క ఇదే. విసిరే రింగు. అంతే. పెద్దాయన ఏం రాశాడో తెలుసా? "ఆటల మాస్టారు నా కుమార్తె మీదికి సమాధి రాయి విసిరెను" అని.

… ఒట్టు. విసిరెను అనే రాశాడు.

… నవ్వు, నవ్వు. ఎన్నాళ్ళయింది నువ్వు నవ్వి.

… లేకపోవడమేం, ఉంది. ఆ అర్థమూ ఉంది. పాతకాలంలో నిలువు రాళ్ళు పాతి, పైన కప్పులాగా ఓ బండ పడుకోబెట్టి, దానికింద సమాధి చేసేవాళ్ళు. ఆ పైబండనీ క్వాయిట్ అంటారు. డిక్షనరీలో అట్టడుగున ఉంటుంది. మా పెద్దాయనకి అట్టడుగున ఉన్నదే అసలైన అర్థం. పైన ఉన్నవన్నీ అందరికీ తెలిసినవేగా, వాటికి నేనెందుకు అంటాడు.

… ఆఫీసరు పైకి చదివాడు. చదివి, కళ్ళజోడు తీసి, "ఆ మాస్టారు ఎంత లావుంటాడండీ?" అని అడిగాడు. బడి హెడ్డమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తండ్రి మాత్రం అందరి మొహాలూ చూస్తున్నాడు. వీళ్ళెందుకు నవ్వుతున్నారో ఆయనకేం తెలుసు, పాపం.

… ఇదంతా అక్కడి గుమాస్తా చెప్పాడులే. అప్పుడే నాకు కబురొచ్చింది. నేను చుట్టాన్నండీ, ఇంకెవర్నైనా పిలవండి అన్నాను. "ఇంకెవరున్నారమ్మా మీ సెక్షన్లో? ఉన్నాయన సమాధులు తవ్వుతున్నాడు. మీరు మాటకి అర్థం చెప్పండి, తీర్పు నేను చెప్పుకుంటాను" అన్నాడు ఆఫీసరు. ఆ తండ్రికి కూడా ఇంగ్లీషులో చెప్పాను, నేను మాస్టారి వదినని, మీకు ఇష్టం లేకపోతే లేచి వెళ్ళిపోతానని. ఆయన నన్ను చూసి, "మీరు సరిగ్గా చెబితే చాలు" అన్నాడు.

… ఊఁ. మర్యాదస్తుడే. అరవడం, గొడవ చెయ్యడం, ఏమీ లేదు.

… చెప్పాను మరి. విసిరే రింగండీ, గుంజ పాతి దానికి పడేలా విసురుతారు, ఆటకీ అదే పేరు, రింగు విసిరినట్టు దేన్ని విసిరినా ఆ మాటనే క్రియగా వాడతారు… ఇలా బడిపంతులులాగా వాయించాను. ఇంకో దేశంలో ఆ మాటని మనిషి ఒంట్లో కూర్చునే భాగానికి కూడా వాడతారు, అది మాత్రం చెప్పలేదు. పెద్దాయన ఆ అర్థం పట్టుకోనందుకు సంతోషించాలి.

… ఆఁ? … అదా? అదే ఆఫీసరు అడిగింది కూడా. "ఆ రింగు దేంతో చేస్తారమ్మా?" అని. మన బళ్ళల్లో ఆడేది రబ్బరుదేనండీ అన్నాను. మరి నువ్వు చెప్పావుగా, రబ్బరు రింగు తగిలిందని.

… అంతే. గదిలో గాలే మారిపోయింది. హెడ్డమ్మ వెంటనే అందుకుంది, "మా బళ్ళో ఉన్నవన్నీ రబ్బరువేనండీ, వేరేవి ఎప్పుడూ లేవు" అని. రబ్బరు రింగు తగిలితే నుదుటి ఎముక చిట్లుతుందా అన్నాడు ఆఫీసరు. ఏదో గట్టిది తగిలితేనే చిట్లుతుందని డాక్టరు రాసిచ్చిన కాగితంలోనే ఉంది. అయితే రింగు తగిలి తూలి, సిమెంటు గట్టు మీద పడి ఉంటుంది, దెబ్బ గట్టుది, మాస్టారిది కాదు… అని తేల్చారు.

… ఆ, అలాగే రాసుకున్నారు. ప్రమాదవశాత్తూ అని.

… ఎందుకే అలా అంటున్నావు? సంతోషంగానే ఉన్నాను. అలిసిపోయానంతే. పొద్దుట్నుంచీ ఆ కుర్చీలో కూర్చుని అటు ఇంగ్లీషు ఇటు మన భాష, ఇటు మన భాష అటు ఇంగ్లీషు… దవడలు పడిపోయాయి.

… లేదు, ఏం లేదు.

… సరే, ఉంది. ఒకటుంది. చెప్పనా వద్దా అనుకుంటున్నా… ఆ పిల్లనీ తీసుకొచ్చారు.

… ఆఁ, కట్టుతోనే. ఇంతే ఉంది చిట్టీ, గుప్పెడంత పిల్ల. కన్నయితే దక్కింది కానీ ఇంకా అన్నీ రెండేసి కనిపిస్తున్నాయట. మంచినీళ్ళిస్తే గ్లాసు పక్కన గాలిని పట్టుకుంది.

… నువ్వు చూడలేదా? ఒక్కసారీ వెళ్ళలేదా ఆసుపత్రికి?

… సరేలే. వద్దన్నాడేమో, నాకేం తెలుసు.

… ఆ పిల్లకి మన భాష బాగానే వచ్చు, బళ్ళో నేర్చుకుంది. తనే చెప్పింది. మా మాస్టారు మంచివారు, కావాలని వెయ్యలేదు, గుంజకి గురిచూసి వేస్తుంటే నేనే నా రింగు తెచ్చుకుందామని అడ్డం పరిగెత్తాను, అంది. అక్కడికి అందరూ తలూపారు. తర్వాత అంది, నేను గట్టు మీద పడలేదు, గడ్డిలో పడ్డాను, అని. ఆ రింగు నల్లగా, చల్లగా, బరువుగా ఉంటుంది, రెండు చేతులతో పట్టుకుంటే గానీ నాకు ఆగదు, అని.

… ఊఁ.

… ఎవరు నమ్ముతారు? ఆఫీసరు నావైపు చూశాడు. నేను రబ్బరు అన్నానుగా. దెబ్బ తగిలిన పిల్ల కదా, ఏది తగిలినా ఇనుములాగే అనిపిస్తుంది అనుకున్నాను నేను కూడా. "చిన్నపిల్ల, పొరబడింది" అన్నాడాయన. హెడ్డమ్మ ఇంకో మెట్టెక్కింది. తండ్రి నేర్పించి చెప్పిస్తున్నాడు అంది. అదీ కాగితం మీదకెక్కింది.

… ఆ ముక్క ఆయనకి ఇంగ్లీషులో చెప్పాల్సింది ఎవరనుకున్నావు? నేనే. మీ అమ్మాయి పొరబడిందని, మీరు నేర్పించారని అనుకుంటున్నారని… నా నోటితోనే చెప్పాను. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిల్ల చెయ్యి పట్టుకుని లేచాడు. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ గుమ్మం అనుకుని ద్వారబంధానికి గుద్దుకుంది.

… ఆ చప్పుడే వినబడిందే బస్సులో కూడా.

… హలో?

… హలో, చిట్టీ? లైన్లో ఉన్నావా?

… మరి పలకవేం? … ఏమైందే?

… చెప్పు.

… చిట్టీ. రబ్బరుదే కదా?

… …

… ఒసే, అడుగుతుంటే నిన్నే. రబ్బరుదే కదా?

… ఏడవకు. ఏడుపు తర్వాత. ముందు మాట చెప్పు.

… ఎక్కడుంది?

… సింకు కిందా? మీ ఇంట్లో సింకు కింద ఎందుకుంది?

… ఎప్పుడు తెచ్చాడు? … ఆ రోజేనా? టిఫిను సంచీలో?

… చేత్తో పట్టుకుని చూశావా? … బరువుగా ఉందా?

… కడిగావా.

… ఎందుకు కడిగావే? ఎందుకు కడిగావు దాన్ని?

… అయ్యో… అయ్యో, చిట్టీ…

… మరి నాతో రబ్బరుదని ఎందుకన్నావు? నేను అడిగాను కదే. ప్రత్యేకం ఫోను చేసి మరీ అడిగాను. "రబ్బరు రింగే అక్కా, పిల్లలు ఆడుకునేదే" అన్నావు. ఎంత తేలిగ్గా అన్నావు!

… అనమన్నాడా?

… భయమైతే? నీ భయానికి నా నోరే దొరికిందా?

… అరవట్లేదు. అరిచే ఓపిక కూడా లేదు నాకు. ఆ మాటకి మొదటి అర్థమే ఇనుప చక్రం, తెలుసా నీకు? డిక్షనరీ తెరిస్తే మొట్టమొదటి వరస. ఇనుముది, తాడుది, రబ్బరుది. ఆ వరస నా కళ్ళముందే ఉంది ఆ గదిలో. ఇనుముది కూడా ఉంటుందండీ అని ఒక్క మాట అని ఉంటే, ఆఫీసరు ఆ పిల్లని ఇంకో ప్రశ్న అడిగేవాడు. అనలేదు. నువ్వు రబ్బరన్నావని మిగతావి మింగేశాను.

… నీకోసమే. ఇంకెవరికోసం?

… ఆయన్ని లేపు.

… లేపు అంటున్నా. … నిద్రపోవట్లేదని నాకూ తెలుసు. ఇంత జరుగుతుంటే ఎవరికి నిద్ర పడుతుంది? గోడవైపు తిరిగి ఇదంతా వింటూనే ఉంటాడు. ఫోనివ్వు.

… …

… ఆ, మరిదిగారూ. నేనే.

… విన్నారుగా.

… వద్దు, దణ్ణాలూ వద్దు, క్షమాపణలూ వద్దు. ఎలా జరిగిందో చెప్పండి చాలు.

… ఊఁ.

… రబ్బరువి ఎప్పుడో పగిలిపోయాయి. … కొత్తవి అడిగితే తెప్పించలేదు. … ఊఁ. పాత సామాను గదిలో ఈ ఇనుపవి కనిపించాయి. … వాళ్ళకి వల ఆట విసుగొచ్చిందని గుంజలు పాతారు. … సరే.

… పిల్లలందర్నీ గీత వెనక నిలబెట్టే వేశారు. … ఆ పిల్ల పరిగెత్తడం మీరు చూడలేదు, చేతిలోంచి అప్పటికే వెళ్ళిపోయింది.

… నమ్ముతున్నాను. ఆ పిల్ల కూడా అదే చెప్పింది, అక్షరం పొల్లుపోకుండా.

… నిజం. "మా మాస్టారు మంచివారు, కావాలని వెయ్యలేదు" అంది. మీరు వినలేదుగా, అందుకని చెప్తున్నా. మిమ్మల్ని కాపాడింది ఆ పిల్ల, నేను కాదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అందులో మీకు పనికొచ్చే సగం ఉంచుకుని, మిగతా సగానికి ఆ పిల్లని అబద్ధాలకోరుని చేశాం మనం.

… మరి ఇది ఇంటికెందుకు తెచ్చారు?

… హెడ్డమ్మా? ఏమంది?

… "ఇవి ఇక్కడ ఎవరి కంటా పడకూడదు" అందా? … మిగతావి పాతసామాన్లవాడికి వేయించిందా? … అదీ సంగతి. "వేరేవి ఎప్పుడూ లేవు" అని ఎంత ధీమాగా చెప్పిందో ఇవాళ.

… అవును, చెబితే ఆవిడ మీమీదికే తోసేస్తుంది. తోస్తుంది, నాకు తెలుసు.

… పోవచ్చు. ఉద్యోగం పోవచ్చు. పోదని నేను చెప్పలేను.

… ఆర్డరు ఇంకా టైపు కాలేదు మరిదిగారూ. సంతకం కాలేదు. అందుకే ఇప్పుడు చెప్తున్నాను.

… నాతో బతిమాలించుకోకండి. నాకు అసలే ఓపిక లేదు. ఒక్కటి అడుగుతాను. వచ్చే వారం మీరు బడికి వెళ్తారు. ఈల వేస్తారు. పిల్లలు వరసగా నిలబడతారు. అందులో ఆ పిల్లా ఉంటుంది, ఇవాళ కాకపోతే నెలకి. మీకేసి చూస్తుంది. అది ఇనుముదని ఆ పిల్లకి తెలుసు. మీకూ తెలుసు. అప్పుడు మీరేం చేస్తారు? "ఒకటీ, రెండూ" అని లెక్కపెడతారా?

… …

… ఊఁ.

… ఊఁ. వింటున్నా.

… ఆ పిల్ల ఒక్కతే రోజూ మీకన్నా ముందొచ్చి గుంజలు పాతేదా…

… నాకు తెలీదు అవన్నీ.

… ఏడిస్తే ఏడవండి. దానికేం. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ చూడట్లేదు.

… లేదు, మీ తరఫున నేను చెప్పను. నా తరఫున నేను చెప్పుకుంటాను. ఆఫీసరు నంబరు నా దగ్గరుంది. ఆ మాటకి నేను సగం అర్థమే చెప్పానండీ, ఇనుముది కూడా ఉంటుంది, అదే మొదటి అర్థం, పిల్ల చెప్పింది కొట్టెయ్యకండి, అంటాను. మీ సింకు కింద ఏముందో నేను చెప్పను. అది చెప్పాల్సింది మీరు.

… ఆఫీసరుకి కాస్త ఆగి చెప్పొచ్చు. రేపు పొద్దున వెళ్ళి చెప్పండి. కానీ అంతకన్నా ముందు చెప్పాల్సినవాళ్ళు ఇంకొకరున్నారు.

… ఆ. ఆ ఇంటికే.

… తలుపు తియ్యకపోతే తియ్యరు. తిడితే తిడతారు. ఆయన తిట్టే మనిషిలా లేడు… తిడితే పడాలి.

… ఇంగ్లీషు రాకపోతేనేం? ఆ పిల్లకి మన భాష వచ్చుగా. ఆ పిల్లకే చెప్పండి. నువ్వు పొరబడలేదమ్మా, అనండి. అది అర్థం కావడానికి డిక్షనరీ అక్కర్లేదు.

… మరిదిగారూ?

… హలో? ఫోను కింద పెట్టేశారా? … హలో?

… …

… ఆ, చిట్టీ. ఏంటా చప్పుడు?

… సింకు కింద తలుపా? … తీశాడా?

… గుడ్డలో చుట్టాడా? … చుట్టలేదు. చేత్తోనే. సరే.

… చొక్కా వేసుకున్నాడా? … ఊఁ. … వెళ్ళిపోయాడా?

… కంగారుపడకు. ఎక్కడికి వెళ్తాడు, ఆ ఇంటికే వెళ్తాడు. కిటికీలోంచి చూడు, ఎటు తిరిగాడు? … ఆసుపత్రి వైపేనా? వాళ్ళ క్వార్టర్లు దాని వెనకే. అటే.

… నేనేం అనగలనే? ఉంచుతారో తీసేస్తారో. తీసేస్తే నాలుగు రోజులు మా ఇంటికొచ్చి ఉండండి. మెట్లెక్కే ఓపికుంటే.

… కోపం ఉంది. ఎందుకుండదు? ఉంటుంది కొన్నాళ్ళు. అలాగని నువ్వు నా చెల్లెలివి కాకపోతావా?

… అన్నం వండావా? … సరే, అది ఎక్కడికీ పోదు. స్టవ్ ఆపెయ్యి.

… ఆపి, నువ్వు కూడా వెళ్ళు. వెనకాలే వెళ్ళు. ఆ గుమ్మం ముందు ఒక్కణ్ణీ నిలబడనివ్వకు. కడిగింది నువ్వే కదా… నువ్వూ నిలబడు పక్కన.

… ఏం మాట్లాడక్కర్లేదు. నిలబడితే చాలు.

… ఆ, ఇప్పుడే చేస్తాను ఆఫీసరుకి. భోజనం వేళైనా ఫరవాలేదు, తిట్టుకుంటే తిట్టుకుంటాడు. నీళ్ళు కూడా చల్లారిపోయాయి, కాళ్ళు తుడుచుకుని చేస్తా.

… వెళ్ళవే. చెప్పులు దొరక్కపోతే ఆయనవి వేసుకుని వెళ్ళు. ఇంకా దూరం పోయి ఉండడు… గబగబా నడిస్తే అందుకుంటావు.

… ఊఁ. … ఊఁ. … పెట్టేస్తున్నా.